కరెంటు చదువు గిట్టుబాటేనా

శంషాబాద్ ఎయిర్‌పోర్టు, క్యాబుల పార్కింగు
ఆగస్టు 2023

అనుపమకు,

కాక రాఘవేందర్ కోపంతో రాస్తున్నాడు. దీవెనలు చివర్లో ఉంటాయి, ముందు తిట్లు చదువుకో.

ఆదివారం మీ వార్డెన్ ఫోన్లు తిరిగి ఇస్తుందని తెలిసి పొద్దున్నే చేశాను. "కాకా, జర నా మాట విను" అన్నావు. "నువ్వే జర విను" అన్నాను నేను. టక్కున పెట్టేశావు. మళ్లీ ఆదివారం దాకా ఆగే ఓపిక నాకు లేదు. ఇక్కడ లైన్‌లో నా ముందు బోలెడన్ని బండ్లున్నాయి, వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. ఇది పెట్టేయడానికి ఫోను కాదు, మొత్తం చదవాల్సిందే.

మీ నాయన, మా అన్న మల్లేశ్వర్ పోయి మూడేళ్లయింది. సాతంరాయిలో రోడ్డు పక్క మిగిలిన ఆ కాస్త భూమి అమ్మితే మీ వాటాకు నాలుగు లక్షలు వచ్చాయి. ఆ పైసలతో నీ పేరు మీద ఒక కారు తీసి ఎయిర్‌పోర్టుకు తిప్పుదామని మీ అమ్మతో కలిసి మనం ముగ్గురం కూర్చుని అనుకున్నామా లేదా? డ్రైవర్ జీతం, కిస్తీ, డీజిలు అన్నీ పోను నెలకు పన్నెండు వేలు మీ అమ్మ చేతిలో పడతాయని నేను చెప్పానా లేదా? హోటల్ లాండ్రీలో ఆమెకు వచ్చేది కూడా అంతే. అంటే కారు వచ్చిన నెల నుంచే ఆమె ఆ పని మానేయవచ్చు. ఆ తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ వదినె మోకాళ్లు ఎట్లున్నాయో నువ్వు చూడలేదా? మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటున్నది.

నువ్వేం చేశావు? నాతో ఒక్క మాట అనకుండా జడ్చర్ల పోయి, ఆ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమాకు ఫీజు కట్టేసి, హాస్టల్లో మంచం కూడా పట్టేసుకున్నావు. ఏడాదికి ఎనభై వేలు! రెండేళ్లకు ఎంతో నువ్వే కూడుకో. ఇగ కారుకు కట్టడానికి ఏం మిగులుతుంది, నా తలకాయా?

నెలాఖరులోపు సీటు వదులుకుంటే కట్టింది చాలావరకు తిరిగి ఇస్తారట, నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. నెలాఖరు దాకా నీకు గడువు. కారు కన్నా ఈ చదువు ఎట్లా గిట్టుబాటో నాకు లెక్క చెప్పు. చెప్పలేకపోతే పెట్టె సర్దుకో, నేనే బండి తెచ్చి తీసుకుపోతాను.

అన్నం సరిగా పెడుతున్నారా? దీవెనలు.

కాక


జడ్చర్ల, అమ్మాయిల హాస్టల్
ఆగస్టు 2023

కాకకు,

నమస్కారం ముందే పెడుతున్నాను, తర్వాత మర్చిపోతానేమో అని. నాకూ కోపం వచ్చింది.

నీతో ముందే చెబితే నువ్వు ఒప్పుకునేవాడివా? నిజం చెప్పు. "ఆడపిల్లకు కరెంటేంది, స్తంభాలెక్కుతవా" అని నవ్వి, పార్కింగులో నీతో క్యాబు నడిపే పాండు అన్నకు చెప్పి ఇద్దరూ కలిసి నవ్వేవారు. అందుకే చెప్పలేదు. అమ్మను మాత్రం అడిగాను. "నీ ఇష్టం" అంది.

ఇక లెక్క. మా కాలేజీ కరపత్రంలో అచ్చు వేశారు, ఇక్కడ చదివిన అబ్బాయి ఒకడు నెలకు ముప్పై అయిదు వేలు తెచ్చుకుంటున్నాడట. నీ కారు ఇచ్చే పన్నెండు వేలకు అది దాదాపు మూడింతలు. పైగా డిప్లొమా ఉంటే, కొన్నాళ్లు పని చేశాక, సూపర్‌వైజర్ పర్మిటు పరీక్ష రాయవచ్చు. అది వస్తే పెద్ద పెద్ద బిల్డింగుల పనుల మీద మనమే సంతకం పెట్టవచ్చు. మన చుట్టూ ఏముంది కాకా? గోదాములు, హోటళ్లు, లిఫ్టులు, కోల్డ్ స్టోరేజీలు. కరెంటు లేకపోతే వాటిలో ఒక్కటి కూడా పనిచేయదు.

నీ లెక్కలో తప్పుంది, అది కూడా చెబుతాను. పాండు అన్న బండి కొన్నప్పుడు పెళ్లికొడుకులా దండ వేసి ఊరంతా తిప్పాడు. అయిదేళ్లకు అమ్మబోతే ఎంతకు అడిగారు? నువ్వే కదా చెప్పింది, "ఇనుప సామానోళ్లకు ఇచ్చినా నయముండె" అని అతను ఏడ్చాడని. నువ్వు డీజిలు కలిపావు, డ్రైవర్‌ను కలిపావు, బండి పాతబడటం మాత్రం కలపలేదు. నేను నేర్చుకున్నది పాతబడదు.

ఇంకో మాట, లెక్క కానిది. క్లాసులో నలభై మందిమి, అమ్మాయిలం ముగ్గురమే. మొదటి రోజు మా సారు ఒక ప్యానెల్ డబ్బా తెరిచి వైర్లన్నీ చూపించి "ఎవరికన్నా భయమైతున్నదా?" అని అడిగారు. అబ్బాయిలు కూడా తలకాయ ఊపారు. నాకు భయం వేయలేదు కాకా, చేయి పెట్టి చూడాలనిపించింది. ఇంత ఇష్టంగా నేను ఏదీ నేర్చుకోలేదు.

అన్నం బాగానే ఉంది, పప్పు నీళ్లలా ఉంది.

అనుపమ


శంషాబాద్ ఎయిర్‌పోర్టు, క్యాబుల పార్కింగు
ఆగస్టు 2023

అనుపమా,

నీ ముప్పై అయిదు వేలు నేను నమ్మలేదు. సంతలో గేదెను అమ్మేవాడు పాలు తక్కువ ఇస్తుందని చెబుతాడా? అందుకని నా పద్ధతిలో నేను కనుక్కున్నాను. నా బండి ఎక్కినవాడికల్లా ఏదో ఒక ఉద్యోగం ఉంటుంది కదా. ఈ వారం ఎక్కిన ప్రతి ఒక్కరినీ అడిగాను. మొదటి మాట "ఏసీ సరిపోయిందా సార్?" రెండో మాట "ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినోళ్లకు జీతమెంత సార్?"

బెంగళూరు నుంచి దిగిన ఒకాయన, పెద్ద కంపెనీలో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే పనట, గచ్చిబౌలి దాకా పోయాడు. "కొత్తవాళ్లకు పదిహేను ఇస్తాం, మహా అయితే పదహారు" అన్నాడు. ఇంకొకాయనను అడిగితే నిద్రపోయాడు. ఒక ముసలాయన షాద్‌నగర్ దాకా వచ్చాడు, ఆయనకు అక్కడ కోల్డ్ స్టోరేజీ ఉందట. ఆయన కూడా పదిహేనే అన్నాడు.

లిఫ్టుల కంపెనీలో మేనేజరమ్మ ఒకామె ఎక్కింది. "అమ్మాయా? అమ్మాయిలు ఈ పనికి ఆగరండీ, ఏడాదిలో మానేస్తారు. మేము తీసుకోవడమే మానేశాం" అంది. నాకు ఎక్కడో కాలింది. "మేడమ్, మీరు అమ్మాయి కాదా? మీరు మానేసిన్రా?" అన్నాను. దిగేటప్పుడు ఒకే ఒక్క స్టార్ ఇచ్చి పోయింది. మా క్యాబు కంపెనీ వాళ్లు నన్ను పిలిపించి అరగంట క్లాసు పీకారు. నీ చదువు నాకు అప్పుడే ఒక నష్టం తెచ్చింది, అది కూడా లెక్కలో కలుపుకో.

ఇప్పుడు చెప్పు. కార్గోలో పెట్టెలు మోసే మన ఊరి పిల్లగాళ్లకు ఏ చదువూ లేకుండా పదహారు వేలు వస్తున్నాయి. నువ్వు రెండేళ్లు కూర్చుని, లక్షా అరవై వేలు పోసి, వాళ్లకన్నా తక్కువకు చేరతావా? ఆ రెండేళ్లూ మీ అమ్మ తడి దుప్పట్లు మోస్తూనే ఉండాలి. నాకు ఫీజు మీద బాధ లేదు బిడ్డా. ఆమె మోకాళ్లను నీ లెక్కలో ఎక్కడ వేశావో చూపించు, అంతే.

దీవెనలు.

కాక


జడ్చర్ల
ఆగస్టు 2023

కాకకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నేనూ నీ పద్ధతిలోనే వెళ్లాను, కాలేజీ ఆఫీసులోకి పోయి అడిగాను. "సార్, నిరుడు పాసైనోళ్లల్ల ఎంతమందికి ఉద్యోగమొచ్చింది? కరపత్రం మాట కాదు, నిజం చెప్పున్రి" అన్నాను. ఆయన ముందు గుర్రుగా చూశాడు, తర్వాత నవ్వి రిజిస్టరు తీశాడు. సగం మందికి పైగా ఉద్యోగాలు వచ్చాయి. అందరివీ నువ్వు చెప్పిన జీతాలే. ఆ ముప్పై అయిదు వేలవాడు ఒక్కడే, వాడు కూడా ఓడల మీద పని చేస్తున్నాడు.

నువ్వు చెప్పింది నిజం. నేను అచ్చు వేసిన కాగితాన్ని నమ్మాను.

కానీ అక్కడితో ఆగలేదు. మూడేళ్లు, నాలుగేళ్లు ముందు పాసైన వాళ్ల నంబర్లు తీసుకుని ఆదివారం పూటంతా ఫోన్లు చేశాను. పనిలో నిలబడినవాళ్లు పాతిక దాటారు. పర్మిటు తెచ్చుకున్న ఇద్దరు ముప్పై దగ్గర ఉన్నారు. మధ్యలో విసుగుపుట్టి మానేసి ఫుడ్ డెలివరీ బండి నడుపుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు, అది నీ దగ్గర దాచను. మొత్తం కలిపి చూస్తే మొదటి నాలుగేళ్లు నీ కారే గెలుస్తుంది కాకా. అయిదో ఏడు నుంచి నేను. అది కూడా నేను మానేయకపోతే.

అమ్మ మోకాళ్లను ఎక్కడ వేశావని అడిగావు. వేయలేదు. ఎక్కడ వేయాలో నాకు తెలియలేదు. పడుకుంటే అదే గుర్తుకొస్తోంది.

"నీ ఇష్టం" అని అమ్మ అన్నది కదా, అందులో ఉన్నది ఇష్టమో కష్టమో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడిగితే మళ్లీ అదే అంటుంది. నువ్వు అడుగు. ఆమె కష్టమంటే శనివారం సీటు వదిలేసి వచ్చేస్తాను. నీ మీద అలగను, ఒట్టు. తిరిగి ఉత్తరం రాసేంత సమయం లేదు, అందుకని వార్డెన్ నంబరు కింద రాస్తున్నాను. ఒక్క మాట చెప్పించు చాలు, రావాలా, వద్దా.

అనుపమ


సాతంరాయి
సెప్టెంబరు 2023

అనుపమా,

"రావద్దు" అని వార్డెనమ్మతో చెప్పించాను, అందిందని తెలుసు. ఎందుకో ఆమెతో చెప్పలేను కదా, అందుకే ఈ ఉత్తరం.

నీ ఉత్తరం తీసుకుని హోటల్ వెనక గేటు దగ్గరికి పోయాను, వదినె డ్యూటీ దిగే వేళకు. బండిలో కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఓడల వాడి దగ్గర నవ్వింది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా చేతిలోంచి కాగితం గుంజుకుంది.

"రాఘవా, మోకాళ్లు ఎవరియి?" అంది.

"నీయే వదినె."

"నొచ్చేది ఎవరికి?"

"నీకే."

"మరి నువ్వెందుకు లెక్కల కలుపుతున్నవ్? నేనేమన్న చెప్పిన్నా నీకు? నా మోకాళ్లను అడ్డం పెట్టి నా బిడ్డ సదువు ఆపుతవా? రేపు అది జన్మంత 'మా అమ్మ కోసం ఆపిన' అనుకోవాల్నా? గా బరువు నేను మొయ్యలేను. దుప్పట్లన్న మోస్త."

 

"మరి పిల్ల అడిగితే నీ ఇష్టమని ఎందుకన్నవ్?" అన్నాను.

"ఇంకేమంటరు? దాని ఇష్టమే గద" అంది.

నేను కూడా ఒక ముక్క దాచాను, చెప్పేస్తున్నాను. ఆ షాద్‌నగర్ ముసలాయన పదిహేను అన్న తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "మొదటి జీతం అడగకు బాబూ. నా దగ్గర మనిషి నిలబడితే నేనే పట్టుకుని కూర్చుంటాను, వదలను. మిషను ఆగితే నా సరుకంతా కుళ్లిపోతుంది" అన్నాడు. అది రాస్తే నువ్వు ఎగిరి గంతేస్తావని రాయలేదు.

కారు సంగతి వదిలేశాను. పాండు మాత్రం పాత బండి అమ్మేసి ఇంకోటి బుక్ చేశాడు, దండ పట్టుకుని తిరుగుతున్నాడు. చూద్దాం అయిదో ఏడు ఎవరు గెలుస్తారో. ఫెయిల్ అయ్యావో, నీ పని చెబుతాను.

కాక


జడ్చర్ల
ఏప్రిల్ 2024

కాకకు,

లెక్కల పేపరు మొదటిసారి పోయింది, రెండోసారి గట్టెక్కాను. దాని గురించి ఇంతకన్నా మాట్లాడకు.

ప్రాక్టికల్స్‌లో మాత్రం నేనే ఫస్టు. తిరగని మోటారును బాగుచేసే పరీక్షలో మా సారు దాన్ని ఆన్ చేసే స్టార్టర్‌లో కావాలని ఒక తప్పు పెట్టాడు. అబ్బాయిలు మోటారునంతా విప్పి కూర్చున్నారు. నేను ముందు స్టార్టర్ తెరిచాను. సారు నా వైపు చూసి గడ్డం గోక్కున్నాడు. అది ఆయన శభాష్.

ఇప్పుడు అసలు సంగతి. వేసవిలో ఆరు వారాలు ఎక్కడన్నా పనిలో శిక్షణ తీసుకోవాలి. నాకు ఎక్కడ వచ్చిందో ఊహించు. అమ్మ పనిచేసే హోటల్లోనే, కరెంటు సెక్షన్‌లో! నేను కోరుకోలేదు, కాలేజీ వాళ్లే వేశారు. రోజుకు ఇంత అని భత్యం కూడా ఇస్తారు.

అమ్మకు ఆదివారం చెబితే సంతోషపడింది. తర్వాత గొంతు తగ్గించి ఒక షరతు పెట్టింది. "ఆడ నన్ను అమ్మా అని పిలువకు. దుప్పట్లు ఉతికేదాని బిడ్డ అంటే నీకు ఇలువ ఇయ్యరు" అంది. నేను కొట్లాడాను. ఏడ్చాను కూడా. వినలేదు. "గట్లయితే నేను ఆడ పని మానేస్త" అంది. సరే అన్నాను. నా కన్నతల్లిని ఆరు వారాలు "రేణుకమ్మగారూ" అని పిలవాలట! నాకు నచ్చలేదు కాకా, ఇప్పటికీ నచ్చలేదు.

వస్తున్నాను. బస్టాండు నుంచి నీ బండిలో వస్తే కిరాయి అడగవు కదా?

అనుపమ


శంషాబాద్ ఎయిర్‌పోర్టు, క్యాబుల పార్కింగు
జులై 2024

ఓ మహాతల్లీ,

ఆరు వారాలు మా ఇంట్లో అన్నం తిన్నావు. రోజూ నా బండిలో హోటల్ దాకా వచ్చావు. "పని ఎట్లున్నది?" అంటే "బాగున్నది కాకా" అన్నావు. ఒక్క ముక్క చెప్పలేదు! నువ్వు జడ్చర్ల బస్సెక్కి వెళ్లిన మర్నాడు వదినె నన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మూడోసారి నేనే చెప్పించుకున్నాను.

నీకు తెలిసిన కథే, అయినా నేను మళ్లీ రాస్తాను, రాస్తుంటే నాకు బాగుంది.

పెళ్లి పార్టీ దిగిన రోజు. హోటల్ నిండా జనం. లాండ్రీలో బట్టలు ఆరబెట్టే పెద్ద మిషను ఆగిపోయింది. నువ్వూ, మీ సీనియర్ సోమయ్యా వెళ్లారు. మెయిన్ స్విచ్ దించి, మీ పద్ధతి ప్రకారం దానికి ఆయన తాళం ఒకటి, నీ తాళం ఒకటి వేశారు. ఎవరి తాళం చెవి వాళ్ల జేబులోనే ఉండాలట, పని చేస్తున్న మనిషి తప్ప ఇంకెవరూ తీయకూడదట. నాకిది వదినే చెప్పింది. మీ అమ్మ నాకు కరెంటు పాఠం చెప్పింది, విన్నావా!

మధ్యలో సోమయ్యను పైకి పిలిచారు. ఆయన తన తాళం తీసుకుని వెళ్లాడు. నువ్వు ఒక్కదానివే మిషను కరెంటు డబ్బా లోపల చేతులు పెట్టి బిగిస్తున్నావు. అప్పుడు ఆ డ్యూటీ మేనేజరు వచ్చాడు. తడి దుప్పట్లు కుప్పలు పడ్డాయి, పెళ్లివాళ్లు పైన అరుస్తున్నారు. "ఇంకెంతసేపు? స్విచ్ ఆన్ చెయ్" అన్నాడు. "ఇంకొక్క స్క్రూ వదులుగా ఉంది సార్, చూసి చేస్తాను" అన్నావు. "నువ్వు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవి, నాకు చెబుతావా? తాళం తీయ్" అని ఒర్రాడు. "సార్, తాళం నాది. పని అయినంక నేనే తీస్త" అన్నావట, చేతులు బయటికి తీయకుండానే. అతను తాళం పగలగొట్టండి, సుత్తి తెండి అని కేకేశాడు. సుత్తి తేవడానికి ఒక్కరు కూడా కదల్లేదు.

అప్పుడు వదినె దుప్పట్ల గంప కింద పెట్టిందట. "సార్, అది నా బిడ్డ" అందట. మొత్తం లాండ్రీకి వినపడేటట్టు. "నా బిడ్డ చేతులు గా డబ్బల ఉన్నయి. అది తాళం తీయనన్నదంటే తీయది. మీరు జర ఆగున్రి. దుప్పట్లు ఆగుతయి, మీరూ ఆగున్రి."

ఆగాడు! మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నువ్వు బిగించి, చూసుకుని, డబ్బా మూసి, జేబులోంచి తాళంచెవి తీసి తెరిచావు. మిషను తిరిగింది. మీ అమ్మ అయితే ఈ ముక్క చెప్పేటప్పుడు లేచి నిలబడుతున్నది. మోకాళ్ల మాట మర్చిపోతున్నది.

పార్కింగులో అందరికీ చెప్పాను. పాండుకు నాలుగుసార్లు చెప్పాను. "ఇగ చాలన్నా, నాకు నోటికొచ్చింది" అంటున్నాడు. రానీ.

నా గుండె నిండిపోయింది బిడ్డా. మల్లేశ్వర్ అన్న ఉంటే ఈ రోజు నాకన్నా ఎక్కువ ఒర్రేవాడు.

కానీ నువ్వెందుకు చెప్పలేదు?

కాక


జడ్చర్ల
జులై 2024

కాకకు,

చెబితే నువ్వు హోటల్‌కు వెళ్లి ఆ మేనేజరు గల్లా పట్టుకుంటావని చెప్పలేదు. ఇప్పుడు కూడా వెళ్లకు. మర్నాడు సోమయ్యగారు విషయం పైవాళ్లకు చెప్పారు. వాళ్లు నన్ను పిలిచి, నువ్వు చేసిందే సరైన పని అన్నారు. మేనేజరు నా దగ్గరికి వచ్చి, "తొందరలో అన్నాను" అన్నాడు. ఆయనకు కూడా పైనుంచి ఒత్తిడి ఉంది.

ధైర్యంగా నిలబడ్డానని అమ్మ చెప్పిందా? నా కాళ్లు వణికిపోయాయి కాకా. చేతులు వణకకూడదు కాబట్టి వాటిని ఆపాను, కాళ్లను ఆపలేకపోయాను.

అయితే అమ్మ నీకు చెప్పనిది ఒకటి ఉంది. ఆ రోజు నీ బండి రాలేదు, నీకు ఎయిర్‌పోర్టు ట్రిప్పు పడింది, మేం సాతంరాయి బస్సు ఎక్కాం. అమ్మ నా పక్కన కూర్చుంది. దిగే ముందు నా చేయి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్లన్నీ ఉన్నాయో లేవో చూసుకున్నట్టు చూసి, "రేపటి సంది అమ్మా అనే పిలువు. ఒర్రి పిలువు" అంది.

మిగతా రోజులన్నీ ఒర్రే పిలిచాను. లాండ్రీ అవతల గేటు దాకా వినపడేటట్టు.

అనుపమ


జడ్చర్ల
ఏప్రిల్ 2025

కాకకు,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

ఉద్యోగం వచ్చింది. శంషాబాద్ దగ్గరే, పెద్ద గోదాముల కంపెనీ. మెయింటెనెన్స్ సెక్షన్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్. మా క్లాసులో ఇరవై మందిని అడిగారు, అయిదుగురిని తీసుకున్నారు. ఇంటర్వ్యూలో ఒకాయన "పైవాళ్లు తొందర పెడితే ఏం చేస్తావు?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. హోటల్లో జరిగింది చెప్పాను. ఆయన పక్కాయన వైపు చూసి, ఇంకేమీ అడగలేదు.

జీతం పద్దెనిమిదిన్నర వేలు. ముప్పై అయిదు కాదు. నీ లెక్క ప్రకారం నేను ఇంకా వెనకే ఉన్నాను, కారు కొని ఉంటే ఈ పాటికి ఇంటికి ఎంత వచ్చేదో నాకు తెలుసు, దాచను. కానీ అమ్మ జీతం కన్నా ఇది ఎక్కువ. అందుకే ఒక్కటే అడుగుతున్నాను. జూన్‌లో పరీక్షలు అవగానే చేరతాను. మొదటి జీతం చేతికి రాగానే అమ్మను మానిపించు. నేను చెబితే వినదు. నీ మాట కూడా వినదు అనుకో, అయినా ప్రయత్నించు. మోకాళ్లు ఆమెవే అని నాకు తెలుసు. ఇప్పుడన్నా వాటి గురించి ఒక్క మాట మాట్లాడే హక్కు నాకు ఇవ్వమను.

అనుపమ


సాతంరాయి
మే 2025

అనుపమా, నా తల్లీ,

మొదటి జీతం దాకా ఆగమన్నావు కదా. వదినె ఆగలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించిన మర్నాడే "రాఘవా, హోటల్ కాడికి బండి తియ్" అంది. తొందరపడకు, పిల్ల చేరనీ, ఒక నెల చూద్దాం, నేనున్నా గానీ చేతిలో పైసలుండాలి కదా అన్నాను. "లెక్కలు నీయి, మోకాళ్లు నాయి. పద" అంది. బండి తీశాను.

నన్ను కూడా లోపలికి రమ్మంది. ఆఫీసులో ఒక పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. పని మానేస్తున్నానని వదినె చెప్పింది. అతను టకటకా కొట్టి కాగితం తీసి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. వదినె కాగితం పట్టుకుని మెల్లగా కూడబలుక్కుని చదివింది. మీ అమ్మ చదవడం ఎప్పుడన్నా చూశావా? పెదాలు కదులుతాయి. మధ్యలో ఆగిపోయింది.

"బిడ్డా, ఇదేంది? ఆరోగ్యం బాగలేక అని రాసినవ్?"

"అందరికీ అదే రాస్తామమ్మా. మీ మోకాళ్లు బాగలేవని సూపర్‌వైజర్ కూడా చెప్పింది కదా."

"మోకాళ్లు బాగలేకనే పదకొండేండ్లు చేసిన. గందుకు మానేస్తలేను. మార్చు."

"ఏం రాయాలి మరి?"

"నా బిడ్డకు ఉద్యోగమొచ్చిందని రాయి."

ఆ పిల్లవాడు నా వైపు చూశాడు. నేను గోడ మీద గడియారం చూశాను. "అమ్మా, అట్లాంటి కారణం మా దగ్గర లేదు" అన్నాడు. వదినె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆగుత, మీ సార్‌నడుగు" అంది.

లోపలి నుంచి వచ్చింది ఎవరనుకున్నావు? ఆ డ్యూటీ మేనేజరే. వదినెను చూశాడు, గుర్తుపట్టాడు. సంగతి విన్నాడు. ఆ పిల్లవాడిని లేపి, తానే కూర్చుని కొట్టాడు. "కుమార్తెకు ఉద్యోగం లభించినందున" అని.

వదినె అది కూడా చదివింది. తలకాయ అడ్డంగా ఊపింది.

"ఏం ఉద్యోగమో సుత రాయి సార్."

ఆయన మళ్లీ కొట్టాడు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్. గట్టిగా చదివి వినిపించాడు. మీ అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, రేణుకమ్మ అని నిండుగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

కాక